ప్రభుబల్లా పెళ్ళిపందిరీ: ఆత్మీయం వేరు, సామాజికం వేరు అనే బోధకు ఖండన

తెలుగు క్రైస్తవ సంఘాల్లో చాలాకాలంగా ఒక అభిప్రాయం ఎవరూ ప్రశ్నించని సిద్ధాంతంగా స్థిరపడిపోయింది. దాని ప్రకారం విశ్వాసం ఆత్మీయమైనది, అంటే దేవునికీ ఒక్కొక్క మనిషికీ మధ్య జరిగే వ్యవహారం. మారుమనస్సు పొంది, బాప్తిస్మం తీసుకొని, ప్రార్థనలోనూ వాక్యధ్యానంలోనూ నిలకడగా ఉన్నవారికి రక్షణ విషయంలో లోటేమీ ఉండదు. ఇక పిల్లకు ఎక్కడ సంబంధం చూడాలి, కట్నం ఎంత మాట్లాడుకోవాలి, ఎవరింట భోంచేయాలి, ఆస్తి ఎవరికి రాయాలి అనేవి సామాజికమైనవి, అంటే లోకంలో బతుకుతున్నందుకు లోకరీతిని జరుపుకోవలసినవి, వాటిని విశ్వాసంతో ముడిపెట్టనక్కర్లేదు. ఈ మాటను వేదికనెక్కి ఇంత స్పష్టంగా ప్రకటించేవారు అరుదు. అయినా సంఘంలో ఎవరైనా కులం సంగతి ఎత్తిన మరుక్షణం పెద్దల నోట వచ్చే సమాధానం ఇదే గనుక, తరతరాలుగా క్రైస్తవ వివాహాలు దీన్ని ఆధారం చేసుకొనే కుదురుతున్నాయి గనుక, దీన్ని ఒక బోధగానే ఎంచి పరీక్షించవలసి ఉంది. అలా పరీక్షిస్తే ఇది క్రొత్త నిబంధన ముందు నిలవదు. తెలుగు సంఘం పుట్టిన చరిత్ర ముందు అసలే నిలవదు.

ఆచరణలో ఈ బోధ ఫలం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి పత్రికల్లో వచ్చే వివాహ ప్రకటనలు చాలు. అక్కడ క్రైస్తవులు అనే శీర్షిక కింద మళ్ళీ మాల, మాదిగ, కమ్మ, రెడ్డి, కాపు అనే విభాగాలు కనిపిస్తాయి. వధువు ప్రార్థనాపరురాలై ఉండాలనే షరతూ, ఫలానా కులంలోనే పుట్టి ఉండాలనే షరతూ ఒకే వాక్యంలో పక్కపక్కన నిలుస్తాయి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెసూట్ గురువుల కర్ణాటక మిషన్ ద్వారా కతోలికులైన రెడ్డి, కమ్మ కుటుంబాల సంతతికీ, ఆ తర్వాత అదే సంఘంలో చేరిన దళితులకూ మధ్య వియ్యం నేటికీ అరుదు. ప్రొటెస్టెంట్ల పరిస్థితి ఇంతకంటె మెరుగేమీ కాదు. 19వ శతాబ్దపు సామూహిక చేరికల్లో స్థూలంగా చూస్తే ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టుల్లో మాదిగలు, కృష్ణా ప్రాంతపు చర్చి మిషనరీ సొసైటీ సంఘాల్లో మాలలు ఎక్కువగా చేరినందువల్ల, ఎన్నో గ్రామాల్లో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి ఏర్పడ్డాయి. పైకి అది బాప్తిస్మం ఇచ్చే పద్ధతిలోనో బిషప్పు పదవి విషయంలోనో ఉన్న తేడాగా కనిపించినా, పెళ్ళి మాట వచ్చేసరికి అసలు గోడ ఏదో బయటపడుతుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని కార్డినల్ అయినప్పుడు, దళితుల్లో నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయనేనని దేశదేశాల పత్రికలు రాశాయి. సంతోషించదగిన ఆ వార్తలోనే, అధిక సంఖ్యాకులు దళితులైన ఒక సంఘం అంతకాలం వారిని ఎక్కడ కూర్చోబెట్టిందో కూడా నమోదై ఉంది.

దైనందిన జీవితం విశ్వాసపు పరిధిలోకి రాదని ఈ బోధ చెప్పేవారు నిజంగా నమ్ముతున్నారా అంటే, వారి ఆచరణే నమ్మడంలేదని చెబుతుంది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల సంఘాల్లో చాలావాటికి స్త్రీ బొట్టు పెట్టుకోవడంమీద అభిప్రాయం ఉంది, నగల మీద అభిప్రాయం ఉంది, సినిమామీద, పొగాకుమీద, సంక్రాంతి పిండివంటలమీద కూడా అభిప్రాయం ఉంది. బాప్తిస్మానికి ముందు చెవికమ్మలు తీసివేయమని అడిగే కాపరులున్నారు. అవిశ్వాసులతో జోడు కట్టవద్దని పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలోని హెచ్చరికను వివాహాలకు అన్వయించి, అన్య మతస్థుణ్ణి పెళ్ళాడిన అమ్మాయిని ప్రభుబల్లకు, అంటే క్రీస్తు మరణ జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే సంస్కారానికి, దూరంగా ఉంచే సంఘాలున్నాయి. కాబట్టి పెళ్ళి ఆత్మీయ విషయమేనని వీరందరూ అంగీకరించినట్టే. చెవికమ్మ దాకా వచ్చిన విశ్వాసం కులం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవడానికి వాక్యంలో ఏ ఆధారమూ లేదు. అదే సంఘంలో అదే బల్లలో పాలుపొందే మరొక విశ్వాసి కుమారుణ్ణి, పల్లె వేరన్న ఒక్క కారణంతో కాదనుకొని, సొంత కులంలోని నామమాత్రపు క్రైస్తవుడికో, పెళ్ళికోసం ముందురోజు బాప్తిస్మం తీసుకొన్నవాడికో పిల్లనిచ్చే తండ్రికి ఆ సంఘమే ఆశీర్వాద ప్రార్థన చేస్తున్నది. అక్కడ జోడు కుదిరిందా లేదా అని ఎవరూ అడగరు.

ఇప్పుడు మూలగ్రంథం దగ్గరికి రావాలి. గలతీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు వివరించిన అంతియొకయ వివాదం ఈ చర్చకు కేంద్రం కావలసినది. తెలుగు ప్రసంగాల్లో దానికి దక్కవలసిన చోటు దక్కలేదు. సిరియాలోని అంతియొకయ నగరంలో యూదులైన విశ్వాసులూ, యూదులు కాని అన్యజన విశ్వాసులూ కలిసి భోంచేసేవారు. పేతురు కూడా వారితో కూర్చొని తినేవాడు. యెరూషలేములో యాకోబు దగ్గరనుంచి కొందరు వచ్చాక, సున్నతి పొందినవారికి జంకి పేతురు ఆ పంక్తినుంచి మెల్లగా తప్పుకొన్నాడు. అతన్ని చూసి తక్కిన యూదులు, చివరికి బర్నబా కూడా, వేరుపడ్డారు. పేతురు సిద్ధాంతం మార్చుకోలేదు. క్రీస్తునందు అందరికీ రక్షణ ఉందని అప్పుడూ ఒప్పుకొంటాడు, అడిగితే ప్రసంగిస్తాడు కూడా. అతడు చేసినదల్లా ఒక భోజనం దగ్గరనుంచి లేచి వెళ్ళిపోవడం, అదీ తన సొంతవారి పరువు కోసం. నేటి భాషలో అది పూర్తిగా సామాజిక విషయం. అయితే పౌలు దాన్ని అలా విడిచిపెట్టక, పేతురు నడత సువార్త సత్యానికి అనుగుణంగా లేదని అందరియెదుట అతన్ని ముఖాముఖి నిలదీశాడు. విశ్వాసంవల్లనే నీతిమంతులుగా ఎంచబడతామన్న సిద్ధాంతాన్ని ఆ పత్రికలో పౌలు మొదటిసారి విప్పి చెప్పడం మొదలుపెట్టింది కూడా ఈ భోజనపు తగవు చెప్తూనే. ఆ తర్వాతి అధ్యాయంలో యూదుడు, గ్రీసుదేశస్థుడు, దాసుడు, స్వతంత్రుడు, పురుషుడు, స్త్రీ అనే భేదాలు క్రీస్తులో లేవని చెప్పిన ప్రసిద్ధ వచనం ఈ తగవుకే ముగింపు. ఆ వచనాన్ని మాత్రం గోడమీద రాసి, అది పుట్టిన పంక్తిని మరచిపోవడం వాక్యాన్ని రెండుగా చీల్చడమే.

కొరింథు సంఘంలో జరిగింది ఇంతకంటె సూటిగా తగులుతుంది. సుమారు క్రీ.శ. 55లో పౌలు ఆ సంఘానికి రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయాన్ని తెలుగు సంఘాలు ప్రతి బల్ల ఆరాధనలోనూ చదువుతాయి. అయోగ్యంగా రొట్టె తిన్నవారు శిక్షావిధి తెచ్చుకొంటారన్న హెచ్చరిక విని, ప్రతి విశ్వాసీ కళ్ళు మూసుకొని తన రహస్య పాపాలను, చెడు తలంపులను జ్ఞాపకం చేసుకొంటాడు. అలాంటి పరీక్ష మంచిదే. కాని పౌలు ఆ మాట రాసిన సందర్భం రహస్య పాపాలు కావు. ఆ కాలంలో ప్రభురాత్రి భోజనం నిజమైన భోజనంగానే జరిగేది. ఇల్లూ తీరికా ఉన్న సంపన్నులు ముందే వచ్చి కడుపునిండా తిని తాగేవారు, ఆకలితో వచ్చిన పేదలకు ఏమీ మిగిలేది కాదు. లేనివారిని సిగ్గుపరచి దేవుని సంఘాన్ని తృణీకరిస్తున్నారని పౌలు నిందించాడు. అలా కూడివచ్చి తినేది ప్రభురాత్రి భోజనమే కాదని తేల్చిచెప్పాడు. ఆ అయోగ్యత మనిషికీ మనిషికీ మధ్యనున్నది. పక్కన మోకరించినవాని చేతినుంచి గిన్నె అందుకొని, మధ్యాహ్నం వాని ఇంట మంచినీళ్ళు ముట్టని కుటుంబానికి ఈ అధ్యాయం ప్రతి నెలా వినిపిస్తున్నది. వినిపిస్తున్నదేమిటో చెప్పేవారు లేరు.

క్రైస్తవులను బయటివారు ఎలా గుర్తుపట్టారో చెప్పే తొలి సాక్ష్యాల్లో ఒకటి కూడా ఇటువైపే చూపుతుంది. సుమారు 112లో బితునియ రాష్ట్రపు రోమా అధిపతి ప్లీనీ, ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖలో, తాను విచారించిన క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును స్తుతిస్తారనీ, దొంగతనం చేయమనీ వ్యభిచరించమనీ మాట తప్పమనీ దాచుకొమ్మని ఇచ్చిన సొమ్ము లేదనమనీ ప్రమాణం చేస్తారనీ, మళ్ళీ కూడి మామూలు భోజనం చేస్తారనీ నివేదించాడు. సంఘంలో పరిచారకులుగా ఉన్న ఇద్దరు దాసీలను హింసించి విచారించినట్టు కూడా అందులోనే ఉంది. రోమా సమాజం సొత్తుగా లెక్కగట్టిన స్త్రీలు అక్కడ సంఘ సేవకులు. ఆ తొలి సంఘానికి ఆరాధన ఒకవైపు, మనుషులతో నడత మరొకవైపు కాలేదు.

కులం లౌకికాచారం మాత్రమేనన్న వాదం కొత్తది కాదు. దక్షిణ భారతంలో దానికి సుదీర్ఘ చరిత్ర ఉంది. తమిళ దేశపు సంఘాల్లో వెల్లాల క్రైస్తవులు, పరయ క్రైస్తవులు గుడిలో వేరువేరుగా కూర్చోవడం, పాత్ర వేరుగా అందుకోవడం 18వ శతాబ్దంనుంచీ నడిచింది. 1833లో కలకత్తా ఆంగ్లికన్ బిషప్ డేనియల్ విల్సన్, కులాన్ని పూర్తిగా, వెంటనే విడిచిపెట్టాలని ఉత్తరువు పంపినప్పుడు తంజావూరు ప్రాంతంలో చాలామంది గుడి మానుకొన్నారు. ఆ తర్వాత తరంగంబాడి క్షేత్రాన్ని చేపట్టిన జర్మనీ లైప్జిగ్ లూథరన్ మిషన్, ముఖ్యంగా దాని అధ్యక్షుడు కార్ల్ గ్రౌల్, కులం పౌరసంబంధమైన అంతరమేగాని మతసంబంధమైనది కాదనీ, సువార్త కాలక్రమాన దాన్ని లోపలినుంచి కరిగిస్తుందనీ వాదించారు. ఆంగ్లికన్ సంఘాలు వదిలివచ్చినవారిలో ఎందరో అక్కడ చేరారు. 1850లో మద్రాసు మిషనరీ సమావేశం దీన్ని నిరాకరించి, కులాన్ని పట్టుకొని ఉన్నవారు బల్లకు అర్హులు కారని తీర్మానించింది. ఆనాటి మిషనరీల్లో చాలామందికి తమ తెల్లతనపు అహంకారం కనిపించలేదన్నది నిజం, ఆ పాపం ఈ తీర్మానంవల్ల కడిగివేయబడదు. అయితే గ్రౌల్ వాదానికి కాలమే తీర్పు చెప్పింది. లోపలినుంచి కరుగుతుందన్న కులం నూటడెబ్బై సంవత్సరాలకు పైగా గడిచినా కరగలేదు. దాన్ని కరిగించవలసిన సంఘం దానికి నిలువనీడ ఇచ్చింది.

తెలుగునాట మాత్రం సువార్త మొదట అడుగుపెట్టిన తీరు వేరు. ఇక్కడ విశ్వాసం మొదటిరోజునుంచే దైనందిన జీవితంలో, ఊరి కట్టుబాట్లలో చిచ్చు రగిలించింది. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. ఆయన ఊరు తాళ్ళకొండపాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడిన కొత్తలో, చదువుకొన్న పైకులాల యువకులు ఆయన దగ్గరికి వస్తూ, మాదిగలను చేర్చుకొంటే తాము రామని తెలియజేశారు. ఆ రాత్రి తానూ తన భార్యా ఒకరికి తెలియకుండా ఒకరు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగాన్ని, దేవుడు లోకం ఎన్నికలేనివారిగా చూసేవారిని ఏర్పరచుకొన్నాడన్న భాగాన్ని, తెరిచామని క్లౌ తన ఆత్మకథలో రాసుకొన్నాడు. ఆయన పేరయ్య మనుషులవైపు నిలబడ్డాడు. ఈ నిర్ణయం ఆత్మీయమా, సామాజికమా అని విడదీయడం అసాధ్యం. చేరినవారికి ఆయన పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి ఇవి వ్యక్తిగత భక్తి నియమాలు. ఊరివైపునుంచి చూస్తే వీటి అర్థం వేరు. మాదిగ ఏ రోజు పిలిస్తే ఆ రోజు వెట్టికి రావాలి, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టాలి, చచ్చిన పశువును ఈడ్చుకుపోవాలి, ఆ మాంసమే కూలిలో భాగంగా తీసుకోవాలి. ఈ మూడు నియమాలను పాటించిన మాదిగ ఊరి కట్టడినంతటినీ కాదన్నట్టే. అందుకే ఊరు ఊరుకోలేదు. కళ్ళంలో గింజలు ఆపారు, నీళ్ళు ఆపారు, కొట్టారు.

1876నుంచి 1878 వరకు సాగిన మహా కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. కూటికోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను సంఘాలు నేటికీ గర్వంగా చెప్పుకొంటాయి. అంతమంది ఆ నదిలో దిగడానికి తగిన కారణం మరణానంతర స్వర్గం ఒక్కటే అని చెప్పేవారు ఆ మనుషులను అర్థం చేసుకోలేదు. మనిషిగా నిలబడగలిగే ఒక కొత్త బంధుత్వం తమకు దొరికిందని వారు గ్రహించారు. ఆ ఉద్యమం గురించిన తన పుస్తకానికి క్లౌ పెట్టిన పేరులోనే, 1914నాటికే, సామాజిక క్రైస్తవం అన్న మాట ఉంది. గుర్రం జాషువా తల్లిదండ్రుల వివాహం కూడా ఈ వెలుగులో చూడదగినది. 1895లో వినుకొండ ప్రాంతంలో పుట్టిన ఆ మహాకవి తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. విశ్వాసం ఆ ఇద్దరినీ ఒక ఇంటివారిని చేయగలిగిన కాలం అది. నూటపాతిక సంవత్సరాలు దాటాక, చదువూ ఉద్యోగాలూ పట్నవాసమూ అన్నీ సమకూడాక, అటువంటి పెళ్ళి సంఘంలో గుసగుసలకు కారణమవుతున్నదంటే విశ్వాసం ఎక్కడ సన్నగిల్లిందో వెదకవలసింది ఇళ్ళలోనే.

ఎదుటి పక్షానికి లేఖనాధారాలు లేకపోలేదు, వాటిని తేలికగా తీసివేయకూడదు. పిలువబడిన స్థితిలోనే ప్రతివాడూ ఉండాలని పౌలు కొరింథీయులతో చెప్పలేదా, దాసులు యజమానులకు లోబడాలని రాయలేదా అని వారు అడుగుతారు. పిలుపు గురించిన ఆ భాగంలోనే, స్వతంత్రుడయ్యే అవకాశం దొరికితే దాన్ని వినియోగించుకొమ్మని దాసునికి చెప్పిన మాట ఉంది; మనుషులకు దాసులు కావద్దన్న మాట కూడా ఉంది. అంతకంటె ముఖ్యం ఫిలేమోనుకు రాసిన చిన్న పత్రిక. యజమానిని విడిచి పారిపోయి పౌలు దగ్గరికి చేరిన దాసుడు ఒనేసిము విశ్వాసి అయ్యాడు. అతణ్ణి తిరిగి పంపుతూ, ఇక దాసునిగా కాక ప్రియ సహోదరునిగా, శరీరరీత్యానూ ప్రభువునందునూ అలాగే ఎంచి, తనను చేర్చుకొన్నట్టే చేర్చుకొమ్మని పౌలు యజమానిని కోరాడు. ప్రభువునందు సోదరుడు, శరీరరీత్యా దాసుడు అని సరిపెట్టే మార్గం ఫిలేమోనుకు సిద్ధంగానే ఉంది. పౌలు ఆ రెండు రంగాలనూ పేరుపెట్టి చెప్పి ఆ దారి మూసివేశాడు. తెలుగు సంఘంలో ఆత్మీయం, సామాజికం అని చేస్తున్న విభజన సరిగ్గా పౌలు మూసివేసిన ఆ దారే.

మరొక అభ్యంతరం లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో బలంగా వినిపిస్తుంది: రక్షణ కృపవల్ల, అంటే దేవుడు ఉచితంగా చూపే దయవల్ల, విశ్వాసం ద్వారా కలుగుతుంది, కులం విడిస్తేనే క్రైస్తవుడని అంటే మళ్ళీ క్రియలవల్ల రక్షణ అన్న పాత కాడిని విశ్వాసుల మెడకు కట్టినట్టు కాదా? ఈ భయంలో నిజాయితీ ఉంది, ఎందుకంటే నియమాలు పెంచి మనుషులను నలిపిన సంఘాలు చరిత్రలో ఉన్నాయి. అయితే 1520లో మార్టిన్ లూథర్ క్రైస్తవ స్వాతంత్ర్యం మీద రాసిన గ్రంథంలో, విశ్వాసంవల్ల క్రైస్తవుడు ఎవరికీ దాసుడు కాడనీ, ప్రేమవల్ల అందరికీ దాసుడనీ రెండు మాటలూ కలిపే చెప్పాడు. మొదటి మాట పుచ్చుకొని రెండవదాన్ని వదిలేసే హక్కు ఆయన వారసులకు లేదు. పరువు, సంబంధాలు, బంధువుల మాట అనే ఆసరాలు లేకపోతే బతకలేమన్న భయమే కులాన్ని నిలబెడుతున్నది గనుక, దేవుడు తనను ఉచితంగా అంగీకరించాడని నమ్మిన మనిషికి ఆ భయంనుంచి విడుదల కలగాలి. కులంలోనే వియ్యమందడం క్రియల మీద ఆధారపడటంకన్నా హీనమైన ఆధారం, పుట్టుక మీద ఆధారపడటం. కృపకు దానికంటె పెద్ద విరోధి లేదు.

హృదయాలు మారితే సమాజం దానంతటదే మారుతుందనే వారికి సంఘచరిత్రలో ఒక సంఘటన చూపాలి. 1919లో తరంగంబాడిలో, దోర్నకల్ బిషప్ అజరయ్య నాయకత్వంలో, ప్రొటెస్టెంట్ సంఘాలు ఏకం కావాలన్న పిలుపు వెలువడింది. బిషప్పు పదవి ఎలా ఉండాలి, ఎవరి అభిషేకం చెల్లుతుంది అనే అంశాలమీద 28 సంవత్సరాలు కమిటీలు కూర్చున్నాయి, లేఖలు నడిచాయి, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అది నిజంగా గొప్ప కార్యం. బిషప్పు అధికారం దానంతటదే పరిష్కారమవుతుందని అప్పుడెవరూ కూర్చోలేదు; ముఖ్యమనుకొన్నదానికి ఓపికగా, లిఖితపూర్వకంగా పనిచేశారు. మాల, మాదిగ, పైకులాల విశ్వాసుల మధ్య వియ్యం కోసం అటువంటి ప్రయత్నం ఆ తర్వాతి దశాబ్దాల్లో ఏ సంఘమూ చేపట్టలేదు. హృదయాలమీద నెట్టివేసిన విషయాలు సంఘానికి ముఖ్యం కాని విషయాలే.

కులంతో పాటు వచ్చేదే కట్నం. 1961నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం, అందుకు తోడ్పడటం అన్ని మతాలవారికీ నేరమే. క్రైస్తవులకు దీనికి మించిన బాధ్యత ఒకటుంది. 1925నాటి భారత వారసత్వ చట్టం క్రైస్తవులకు వర్తిస్తుంది. వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే భార్యకు మూడోవంతు పోగా, మిగిలినది కుమారులకూ కుమార్తెలకూ సమానంగా చెందాలని అది చెబుతుంది. హిందూ వారసత్వ చట్టం రావడానికి మూడు దశాబ్దాల ముందే తెలుగు క్రైస్తవ కుమార్తెకు ఈ హక్కు ఉన్నదన్నమాట. ఆ హక్కును ఇళ్ళలో ఎలా తీర్చుకొన్నారో అందరికీ తెలుసు: పెళ్ళిలో ఇచ్చినదే నీ వాటా అని చెప్పి, హక్కు విడుదల పత్రం మీద అన్నదమ్ములు సంతకం తీసుకొంటారు, ఆ సంతకానికి ముందు ఇంట్లో కుటుంబ ప్రార్థన కూడా జరుగుతుంది. ఇచ్చిన సొమ్ము వెళ్ళింది అమ్మాయి చేతికి కాదు, అత్తవారింటికి. చట్టమే ఇచ్చిన న్యాయాన్ని సంఘంలోని కుటుంబాలు సంప్రదాయం పేరిట వెనక్కి తీసుకొన్నాయి. దీనిమీద ప్రసంగం వినడం కష్టం, దశమభాగం మీద మాత్రం ఏటా వినవచ్చు.

భార్యాభర్తల విషయం పొడిగించనక్కర్లేదు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో భార్యలు లోబడాలన్న వాక్యాన్ని మాత్రమే తీసి, దానికి ముందున్న ఒకరికొకరు లోబడమన్న ఆజ్ఞనూ, తర్వాతి వాక్యాల్లో భర్త క్రీస్తువలె తన్ను తాను అర్పించుకోవాలన్న ఆజ్ఞనూ వదిలివేసి, దెబ్బలు తిన్న స్త్రీని ప్రార్థన చేసుకొమ్మని ఇంటికి పంపేవారు వాక్యాన్ని అనుసరిస్తున్నవారు కారు. 1869నాటి విడాకుల చట్టం కింద క్రైస్తవ భార్య భర్త క్రూరత్వం ఒక్కటే కారణంగా విడుదల పొందలేకపోయేది. వ్యభిచారంతో పాటు మరో నేరం కూడా రుజువు చేయవలసి వచ్చేది. ఆ అన్యాయం సవరించబడింది 2001లో, అంటే 132 సంవత్సరాల తర్వాత.

అన్నిటికంటె బాధతో చెప్పే అభ్యంతరం ఒకటి మిగిలింది. 1950నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం ఆ హోదా మొదట హిందువులకే ఉండగా, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది; క్రైస్తవ దళితులు నేటికీ బయటే ఉన్నారు, తెలుగు రాష్ట్రాల్లో వారు వెనుకబడిన తరగతుల సి విభాగంలో ఒక్క శాతం వాటాతో సరిపెట్టుకోవలసి ఉంది. రాజ్యమే కులాన్ని చూసి హక్కులిచ్చేటప్పుడు సంఘం కులాన్ని చూడకూడదనడం పేదల నోటికాడి కూడు తీయడమేనని కొందరంటారు. ఈ ఉత్తర్వు అన్యాయమైనది. దళితుడు బాప్తిస్మం పొందినంత మాత్రాన ఊరు అతన్ని మరో కళ్ళతో చూడదని కారంచేడులో 1985 జూలై 17న, చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులమీద జరిగిన మారణకాండల్లో లోకం చూసింది. అయితే గాయాన్ని గుర్తించి పరిహారం కోరడం ఒకటి, ఆ గాయం చేసిన ఆయుధాన్నే సొంత ఇంట్లో దాచుకోవడం వేరొకటి. ధ్రువపత్రంలో కులం రాయించుకొన్న విశ్వాసి, అదే ధ్రువపత్రాన్ని చూపి తోటి విశ్వాసి కూతుర్ని కాదనడానికి ఏ ఉత్తర్వూ కారణం కాదు. పైగా, సంఘం లోపల కులం ఇంత బలంగా ఉన్నంత కాలం, కులాన్ని బోధించని మతానికి కుల రక్షణలెందుకని అడిగే ప్రభుత్వం ముందూ, క్రైస్తవంలో కులం లేదని చెప్పుకొనే సొంత మనస్సాక్షి ముందూ సంఘం ఒకేసారి నోరు మెదపలేని స్థితిలో పడుతుంది.

పంక్తిభోజనం ద్వారా ఈ గోడను కదిలించినవారు లేకపోలేదు. సిక్కు కుటుంబంలో పుట్టి, 2000లో హైదరాబాదులో మరణించిన భక్త్ సింగ్ స్థాపించిన సహవాసాల్లో ఆరాధన తర్వాత ప్రేమవిందు జరిగేది. చాపలమీద అందరూ వరుసగా కూర్చొని ఒకే అన్నం తినేవారు, వార్షిక సభల్లో వేలాదిమందికి అలాగే వడ్డించేవారు. ఒక కులంవాడు వండినది మరొక కులంవాడు ముట్టని గ్రామాలనుంచి వచ్చినవారికి అది పుస్తకాల్లో దొరకని పాఠం. అంతటి సహవాసాలు కూడా వియ్యం దగ్గర చాలాచోట్ల ఆగిపోయాయి. అంతియొకయ తగవు భోజనం దాకా పరిష్కారమై పెళ్ళి దగ్గర మళ్ళీ మొదలయింది.

పెళ్ళికి ముందు సంఘకాపరి వధూవరుల బాప్తిస్మపు తేదీలు అడుగుతాడు, చందా బకాయిలు చూస్తాడు, ఆదివారం ఆరాధనలో వరుసగా ప్రకటన చదివి అభ్యంతరం ఉన్నవారు తెలపాలని పిలుస్తాడు. ఇంత విచారణ ఇప్పటికే సంఘం చేతిలో ఉంది. ఆ దరఖాస్తులోనే కట్నం ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందా అనీ, కులం కారణంగా ఈ సంఘంలోని ఏ విశ్వాసి సంబంధాన్నయినా కాదన్నారా అనీ రెండు ప్రశ్నలు చేర్చి, జవాబు అవునయినప్పుడు, రెండో పెళ్ళి చేసుకొన్నవాని విషయంలో చేసినట్టే, సమాధానపడేదాకా ఆ కుటుంబాన్ని బల్లకు ఆపడానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కర్లేదు. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు ఆజ్ఞ చాలు. అలా చేసిన సంఘాన్ని కొన్ని పెద్ద కుటుంబాలు విడిచిపోతాయి, చందాలు తగ్గుతాయి, కట్టుబడిలో ఉన్న గుడి మరి కొన్నేళ్ళు పైకప్పు లేకుండా ఉంటుంది. గింజలూ నీళ్ళూ పోగొట్టుకొని చేరినవారి మనుమలు నేటి సంఘపెద్దలు. ఆ ఖర్చు వారు భరించలేనిది కాదు.